పూత చూసి పంట చెప్పగలమా?

మామిడితోట పూతమీద ఉన్నప్పుడే గుత్తకు తీసుకొనే వర్తకులను మనలో చాలామంది చూసే ఉంటారు. చెట్టుకు ఒక్క పిందె అయినా పట్టకముందే తోటంతా ఒకసారి కలయదిరిగి, కొమ్మలవంక చూసి, ఆకాశంవంక చూసి, ఇంత సొమ్ము ఇస్తానని మాట చెబుతాడు ఆ వర్తకుడు. ఆ మాటలో ఆయన తండ్రి అనుభవం ఉంటుంది. పోయిన సంవత్సరపు కాపు ఉంటుంది. తేనెమంచు పురుగు భయం ఉంటుంది. ఒక్కొక్క ఏడు గాలివాన వచ్చి ఆ లెక్కనంతా నేల రాలుస్తుంది. అయినా మామిడిచెట్టుకు కాసేవి మామిడికాయలేనన్న ధీమా ఒకటి ఆయనకు ఎప్పుడూ ఉంటుంది.

ఆ పాటి ధీమా కూడా లేని వర్తకం ఒకటున్నది. అది వీడియో గేముల వర్తకం. ఇంకా విడుదల కాని ఆట ఎన్ని ప్రతులు అమ్ముడుపోతుందో ముందుగా లెక్కకట్టి, ఆ లెక్కనే నమ్ముకొని కోట్లకొద్దీ ధనాన్నీ, వందలాది మనుషుల ఏళ్ల తరబడి శ్రమనూ అందులో పోయవలసి ఉంటుంది. పిల్లలు ఆడుకొనే ఆటలగూర్చి సాహిత్యపు పుటలలో ఈ ప్రసంగమేమిటని పెద్దలు కొందరు అడగవచ్చు. వెయ్యి ప్రతులు అచ్చువేయించి, ఏడువందలు అటకమీద పేర్చుకొన్న రచయితలు మాత్రం ఆ మాట అడగరు. ఇంకా పుట్టని అంకెను ముందుగా తెలుసుకోవడం ఎట్లా అన్న ప్రశ్న వారికి చిరపరిచితమైనదే.

ఈ విషయంలో అందరూ చెప్పుకొనే కథ అటారి కంపెనీది. కాలిఫోర్నియాలో 1972లో పుట్టిన ఈ సంస్థను 1976లో వార్నర్ కమ్యూనికేషన్స్ కొన్నది. మరుసటి ఏడు, 1977లో, ఇంట్లోని టెలివిజన్‌కు తగిలించుకొని ఆడే యంత్రం ఒకదానిని అటారి బజారులోకి తెచ్చినది. తరువాతి కాలంలో 2600 అన్న అంకెతో ప్రసిద్ధికెక్కిన ఆ యంత్రానికి ఉన్న చరజ్ఞాపకశక్తి 128 బైట్లు. ఈ వ్యాసంలో ఒక్క పేరా కూడా అందులో పట్టదు. ఆటలను విడిగా కాట్రిడ్జుల రూపంలో అమ్మేవారు. 1980లో స్పేస్ ఇన్‌వేడర్స్ కాట్రిడ్జి రాగానే, ఆ ఒక్క ఆటకోసమే యంత్రం కొన్నవారు ఎందరో. అక్కడినుంచి ఎంత తయారుచేస్తే అంత అమ్ముడుపోతున్నట్లే కనిపించినది. అటువంటి కాలంలో జోస్యం చెప్పడం సులభం. చెప్పినవాడికి తాను నిజంగా జోస్యుణ్ణనే నమ్మకం కుదరడం ఇంకా సులభం.

పొరపాటుకు వేరు 1981 అక్టోబరులో పడినది. మరుసటి సంవత్సరం మొత్తానికి ఎన్నెన్ని కాట్రిడ్జులు కావాలో ఇప్పుడే చెప్పండని అటారి తన పంపిణీదారులను అడిగినది. అంతకుముందు వారు ఎంత అడిగినా సరకు చాలక అందులో కొంతే చేతికి వచ్చేది. కనుక వారు ఏమి చేసినారో ఊహించడం కష్టం కాదు. బడిలో ఆగస్టు పదిహేనున మిఠాయి పంచుతారనుకోండి. నిరుడు రెండు అడిగినవాడికి ఒకటే దక్కినది. ఈ ఏడు వాడు నాలుగు అడుగుతాడు. పక్కవాడు నాలుగు అడగడం చూసి మూడోవాడు ఆరు అడుగుతాడు. పంతులుగారు ఆ అంకెలన్నీ కూడి, ఈ తరగతివారి ఆకలి నిరుటికంటె మూడింతలయినదని నిర్ణయించి మిఠాయి చేయిస్తే ఏమవుతుంది? అటారి చేతిలో ఉన్నవి కోరికల అంకెలే గాని కొనుగోళ్ల అంకెలు కావు. 1982లో పోటీ సంస్థల ఆటలు దుకాణాలలోకి వెల్లువగా రాగానే పంపిణీదారులు తమ కోరికలను రద్దుచేసుకోసాగినారు.

ఆ ఏడు వచ్చిన రెండు ఆటలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. మొదటిది ప్యాక్‌మ్యాన్. జపానులో నామ్కో సంస్థకు చెందిన తోరు ఇవతానీ 1980లో రూపొందించిన ఈ ఆట, నాణెం వేసి ఆడే యంత్రాలలో లోకమంతటా పిచ్చి పట్టించినది. దాని ఇంటి రూపాన్ని అటారి 1982 మార్చిలో విడుదల చేసినది. ఉన్న యంత్రాల సంఖ్యకంటె ఎక్కువ కాట్రిడ్జులు చేయించారన్న మాట నేటికీ ప్రచారంలో ఉన్నది. ఆ మాట ఎట్లా ఉన్నా, 70 లక్షలకు పైగా అమ్ముడుపోయిన కాట్రిడ్జిని అపజయమని ఎవరూ అనలేరు. కాని బొమ్మలు మిణుకుమిణుకుమనే ఆ నాసిరకం రూపాన్ని కొన్నవారు, తరువాతి ఆటను అంత తొందరగా కొనలేదు. నేటి అమ్మకంలో రేపటి అమ్మకాన్ని తినివేసే పురుగు కూడా ఉండవచ్చునన్న సంగతి ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

రెండవది ఇ.టి. స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ఆ పేరుగల చలనచిత్రం 1982 జూనులో విడుదలయి అంతకుముందున్న రికార్డులనన్నిటినీ దాటిపోతున్నది. దానిని ఆటగా మలిచే హక్కుకై వార్నర్ రెండుకోట్ల డాలర్లకు పైగా వెచ్చించినట్లు చెబుతారు. ఒప్పందం కుదిరేసరికి జులై నెల చివరికి వచ్చినది. క్రిస్మస్ పండుగకు సరకు దుకాణాలలో ఉండాలంటే ఆట సెప్టెంబరు మొదటికి తయారు కావాలి. హోవర్డ్ స్కాట్ వార్‌షా అనే యువకుడు అయిదు వారాలలో దానిని పూర్తిచేసినాడు. మామూలుగా అటువంటి పనికి నెలల కాలం పట్టేది. అందులో మన కథానాయకుడు అడుగడుగునా గోతిలో పడుతుంటాడు, పైకి లేస్తాడు, మళ్లీ పడతాడు. ఆడే పిల్లలకు కథ అర్థంకాలేదు గాని గొయ్యి మాత్రం బాగా అర్థమయినది.

ఇ.టి. ఒక్కటీ కొననివారే లేరన్నట్లు కొందరు చెబుతారు. ఎవరూ కొననే లేదన్నట్లు మరికొందరు చెబుతారు. రెండూ నిజం కాదు. పదిహేను లక్షల దాకా కొనుగోలుదారుల చేతికి వెళ్లినాయనే లెక్క ఉన్నది. ఆ రోజులలో మరొక ఆటకు ఆ అంకె వచ్చి ఉంటే పండుగ చేసుకొని ఉండేవారు. కాని తయారయినవి సుమారు 40 లక్షలు. వాటిలో చాలా భాగం తిరిగి తమ గుమ్మానికే వచ్చినదని అప్పటి అటారి అధినేత రే కసార్ తరువాత చెప్పినారు. ఇక్కడ ఓడిపోయినది ఆటకంటె దాని నెత్తిమీద పెట్టిన అంకె. సినిమా చూసిన ప్రతి కుటుంబమూ కాట్రిడ్జి కొంటుందన్న ఊహకు ఆధారమేమిటని అడిగినవారు ఆ కచేరీలో ఒక్కరయినా ఉన్నారో లేరో!

1982 డిసెంబరు 7న అటారి ఒక ప్రకటన చేసినది. అమ్మకాలు 50 శాతం పెరుగుతాయని అనుకొన్నచోట, 10నుంచి 15 శాతమే పెరుగుతాయన్నది దాని సారాంశం. గమనించండి: తగ్గుతాయని అనలేదు, పెరుగుతాయనే అన్నది. అయినా మరునాటి బజారులో వార్నర్ వాటాల విలువ సుమారు మూడవవంతు కరిగిపోయినది. 1983 ఫిబ్రవరిలో తయారీని హాంకాంగ్, తైవానులకు తరలిస్తూ 1,700 మంది పనివాళ్లను సంస్థ తొలగించినది. ఎన్ని కాట్రిడ్జులు చేయించాలో నిర్ణయించిన గదిలో వాళ్లెవరికీ కుర్చీ లేదు. ఆ ఏడాది అటారి నష్టం 53 కోట్ల డాలర్లకు పైమాట. ఆ సెప్టెంబరులో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో ఊరి చెత్తదిబ్బకు లారీలకొద్దీ కాట్రిడ్జులు తోలించి, గోతిలో పోసి, పైన సిమెంటు కప్పినారు. గోతిలో పడే ఆటకు గొయ్యే దక్కినదని జనం నవ్వుకొన్నారు.

రెండేళ్ల తరువాత నింటెండో కంపెనీ అమెరికాలో కాలుపెట్టవలసి వచ్చినది. దుకాణదారులు వీడియో గేమన్న మాట వింటేనే తలుపులు మూసుకొంటున్న కాలమది. 1985లో న్యూయార్కులో నింటెండో ప్రతినిధులు చేసిన పని నాకు మిక్కిలి నచ్చుతుంది. ఇన్ని అమ్ముడుపోతాయని వారు ఎవరితోనూ పందెం కట్టలేదు. సరకు మీ దుకాణంలో పెట్టండి, అమ్ముడుపోనిది మేమే వెనక్కు తీసుకొంటాం అన్నారు. అంటే జోస్యం తప్పితే పడే భారం జోస్యం చెప్పేవాడి భుజంమీదనే పెట్టుకొన్నారు. ఒకవిధంగా ఇది గుత్త పద్ధతికీ పాలు పద్ధతికీ ఉన్న తేడా వంటిది. మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇంకొక కథ ఎక్కువగా నచ్చుతుందనుకొంటాను. జపానులో 1996 ఫిబ్రవరిలో పోకెమాన్ మొదటి ఆటలు వచ్చినాయి. అవి ఆడవలసిన గేమ్‌బాయ్ యంత్రం 1989 నాటిది. దాని పని అయిపోయినదనే చాలామంది అభిప్రాయం. తొలి వారాల అమ్మకాలు సాదాసీదాగా ఉన్నాయి. అయితే ఆటలో మ్యూ అనే జంతువును షిగెకి మోరిమోతో అనే నిర్మాత రహస్యంగా దాచిపెట్టినాడు. ఆ సంగతి ఎట్లాగో పిల్లలకు పొక్కినది. బడి ఆవరణలలో గుసగుసలు మొదలయినాయి. ఒక పిల్లల పత్రిక ఇరవైమందికి ఆ జంతువును ఇస్తామని పోటీ ప్రకటించినది. అక్కడినుంచి అమ్మకాలు తగ్గడానికి బదులు వారం వారానికీ పెరుగుతూ పోయినాయి. ఎక్కిన ఆట దిగకపోవడమన్నది అంతకుముందు వర్తకులు ఎరుగని వింత. ఈ లెక్కను ముందే చెప్పగలిగినవాడు ఉంటే, వాడు బడిలో చివరి బల్లమీద కూర్చొనే పిల్లవాడే అయి ఉండాలి.

ఇప్పటి జోస్యులకు కాట్రిడ్జుల బాధ చాలావరకు తీరిపోయినది. ఆట తంతులమీదుగానే ఇంటికి దిగుతుంది కాబట్టి గోతిలో పూడ్చవలసిన సరకు ఉండదు. ఊహించడానికి సాధనాలు కూడా పెరిగినాయి. స్టీమ్ వంటి అంగళ్లలో, రాబోయే ఆటను కోరికల పట్టీలో రాసిపెట్టుకొన్నవారి సంఖ్య నిర్మాతకు తెలుస్తుంది. విడుదలయిన ఆటకు వచ్చిన సమీక్షల సంఖ్యను ఇరవయ్యో, ముప్పయ్యో, యాభయ్యో పెట్టి గుణించి అమ్మకాలు ఊహించే పద్ధతి కూడా ఉన్నది. ఏ అంకెతో గుణించాలన్న దగ్గరనే తగవు. ముందుగా డబ్బు కట్టినవారి లెక్క మరొకటి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇక్కడ పూర్తిగా వర్తించదు. ఎందుకంటే సోమలింగానికి ఈ తల్లిదండ్రులు బట్టలు కూడా కుట్టించి ఉంచినారు. 2020 డిసెంబరులో విడుదలయిన సైబర్‌పంక్ 2077కు ముందుగా డబ్బు కట్టినవారే 80 లక్షలు. ఆ నెలాఖరుకు 1 కోటి 37 లక్షల ప్రతులు అమ్ముడుపోయినాయి. అమ్మకపు జోస్యం ఫలించినది. కాని లోపాలు మిక్కుటంగా ఉండటంవల్ల వారం తిరిగేసరికి సోనీ తన అంగడినుంచి ఆ ఆటను తొలగించి డబ్బు వాపసు ఇవ్వవలసి వచ్చినది.

పాత ఆటకు కొనసాగింపయితే లెక్క కొంత నయం. గ్రాండ్ థెఫ్ట్ ఆటో వరుసలో అయిదవది 2013 సెప్టెంబరులో వచ్చినప్పుడు అది బాగా అమ్ముడుపోతుందని చెప్పడానికి శాస్త్రమేమీ అక్కరలేకపోయినది. మూడు రోజులలో 100 కోట్ల డాలర్ల అమ్మకం దాటినది. చిక్కంతా కొత్త విత్తనాలతోనే. అమాంగ్ అజ్ అనే చిన్న ఆట 2018 జూనులో వచ్చినది. రెండేళ్లు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 2020లో, ఇళ్లలో బందీలయిన జనం ఒకరి ఆటను ఒకరు చూస్తూ దానిని ఆకాశానికెత్తినారు. నిర్మాతలు ఆ ఆగస్టులో రెండవ భాగం తీస్తామని ప్రకటించి, సెప్టెంబరులో ఆ ఆలోచన మానుకొని, మొదటి ఆటకే మెరుగులు దిద్దడానికి పూనుకొన్నారు. తమ చెట్టుకు ఎంత కాపు వచ్చినదో కాసిన తరువాత కూడా వారికి తేలడానికి కొంత కాలం పట్టినది.

గణితంలో అభిరుచిగల విద్యార్థులు ఫ్రాంక్ బాస్ పేరు గుర్తుంచుకోవాలి. ఆయన 1969లో కొత్త వస్తువుల అమ్మకాలగూర్చి ఒక నమూనా ప్రకటించినాడు. కొనేవారు రెండు రకాలు. ఎవరూ చెప్పకుండానే కొనేవారు కొందరు. కొన్నవారిని చూసి కొనేవారు తక్కిన అందరూ. మొదటివారి వేగానికి ఒక గుణకం, రెండవవారి వేగానికి ఒక గుణకం తీసుకొంటే, అమ్మకాలు మెల్లగా మొదలై, ఊపందుకొని, శిఖరానికి చేరి, కొనవలసినవారు మిగలక దిగిపోతాయి. రంగుల టెలివిజన్ల అమ్మకాలకు ఆయన ఈ లెక్కను అన్వయించి చూపినాడు. చక్కని లెక్కే. కాని ఆ గుణకాలు తెలియాలంటే కొన్నాళ్ల అమ్మకాల అంకెలు చేతికి రావాలి. విడుదలకు ముందటి రోజున మన చేతిలో ఉన్నది సున్న. పైగా పెద్ద ఆటలు చాలావరకు మొదటివారంలోనే శిఖరానికి చేరి దిగిపోతాయి. కొండ ఎక్కే దారే కనిపించదు.

ఇంతకూ మన అజ్ఞానమే ఈ తికమకకు కారణమా, లేక ముందుగా తెలుసుకోదగిన అంకె అసలు లేనే లేదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు 2006లో ఒక పరిశోధన ప్రకటించినారు. వారు వాడినవి ఆటలు కావు, పాటలు. ఎవరూ పెద్దగా వినని 48 పాటలు తీసుకొని, పధ్నాలుగువేలకు పైగా మనుషుల ముందుంచినారు. కొందరికి పాటలు మాత్రమే చూపినారు. తక్కినవారిని ఎనిమిది విడివిడి లోకాలుగా విభజించి, ఏ లోకంవారికి ఆ లోకంలో ఏ పాటను ఎందరు తీసుకొన్నారో కూడా చూపినారు. పాటలు అవే, మనుషులు అటువంటివారే. అయినా ఒక్కొక్క లోకంలో ఒక్కొక్క పాట నెగ్గినది. మిక్కిలి మంచివి అట్టడుగుకు పోవడం అరుదు. మిక్కిలి చెడ్డవి శిఖరమెక్కడం అరుదు. నడుమనున్న విస్తారమైన ప్రదేశంలో మాత్రం ఏదయినా జరగవచ్చు. మొదట వచ్చిన నలుగురు ఎటు మొగ్గితే తక్కినవారు అటు మొగ్గినారు.

ఈ ఫలితాన్ని ఆటలకు అన్వయిస్తే మనకు తేలేదేమిటి? ఆట నాణ్యమంతా గీటురాయిమీద పరీక్షించి తెలుసుకొన్నా, అమ్మకం పూర్తిగా తెలియదు. ఎనిమిది లోకాలలో మనం ఉన్నది ఏ లోకంలోనో అప్పటికి నిర్ణయం కాలేదు కనుక.

అయితే గుంపుగా ఊహించితే నిజానికి దగ్గరగా వస్తామని మరొక వాదం ఉన్నది. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దు మాంసం తూకం ఎంత ఉంటుందో ఊహించే పందెం జరిగినది. చదవడానికి వీలుగా ఉన్న 787 చీట్లను ఫ్రాన్సిస్ గాల్టన్ పరిశీలించి మరుసటి ఏడు ప్రకటించినాడు. నడిమి ఊహ 1,207 పౌన్లు. అసలు తూకం 1,198. ఆశ్చర్యమే. కాని ఆ చీట్లు రాసినవారు ఎవరి ఊహ వారు రాసినారు. చీటీకి ఆరు పెన్నీలు చెల్లించినారు. కళ్లెదుట ఎద్దు ఉన్నది. రాబోయే ఆటగూర్చి పందేలు కాసేవారందరూ చూసినది కంపెనీవారు వదిలిన ఒకే రెండు నిమిషాల బొమ్మ. పక్కవాడు ఏ అంకె చెప్పినాడో వారికి తెలుసు. అన్నిటికీ మించి, ఆ ఆటమీద అభిమానం లేనివాడు ఆ చర్చకే రాడు. సంతకు కసాయివాళ్లూ రైతులూ వచ్చినారు. ఇక్కడికి వచ్చేవారు ఎద్దు బంధువులు.

తరగతిలో దీనిని పరీక్షించడం తేలిక. ఒక సీసాలో కందిగింజలు పోసి, పిల్లల చేత ఎన్ని ఉన్నాయో ముందు రహస్యంగా చీటీలమీద రాయించండి. మరొక తరగతిలో అదే సీసా చూపి, ఒకరి తరువాత ఒకరిని నిలబెట్టి పైకి చెప్పించండి. తెలివయిన పిల్లవాడొకణ్ణి మొదట లేపి తప్పు అంకె చెప్పిస్తే ఇంకా బాగుంటుంది.

ఇంత అనిశ్చయం ఉన్నదని తెలిసి కూడా సంస్థలు అంకెలు చెప్పక తప్పదు. ఆ అంకెలమీదనే ఖర్చు ఆధారపడి ఉంటుంది. 2013 మార్చిలో వచ్చిన టూంబ్ రైడర్ నాలుగు వారాలలో 34 లక్షల ప్రతులు అమ్ముడుపోయినా, ప్రచురించిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ అది తమ అంచనాను అందుకోలేదన్నది. ఆ నెలలోనే సంస్థ అధ్యక్షుడు పదవి వదులుకొంటున్నట్లు ప్రకటన వెలువడినది. 2024 ఆగస్టు 23న సోనీ విడుదల చేసిన కాంకార్డ్‌ది మరీ విషాదం. ఏళ్ల తరబడి తయారయిన ఆ ఆట రెండు వారాలు బ్రతికి, సెప్టెంబరు 6న మూతపడినది. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చినారు. అక్టోబరులో ఆ ఆట తీసిన ఫైర్‌వాక్ సంస్థనే మూసివేస్తున్నట్లు ప్రకటించినారు. పూడ్చడానికి ఈసారి కాట్రిడ్జులు లేవు. వీధిన పడినవారు మాత్రం 1983లో వలెనే పనివాళ్లు.

అలమొగోర్డో గొయ్యి విషయం చెప్పడం మిగిలిపోయినది. అందులో ఏమున్నదన్నది ముప్ఫై ఏళ్లపాటు కట్టుకథగానే నడిచినది, కోట్లకొద్దీ ఇ.టి.లున్నాయని కొందరు, అసలేమీ లేవని కొందరు వాదించుకొనేవారు. 2014 ఏప్రిల్ 26న జనం చూస్తుండగా తవ్వినారు. ఇ.టి.తోపాటు అటారివారి ఇతర ఆటలు కూడా అనేకం బయటపడినాయి. పూడ్చినవి మొత్తం ఏడు లక్షలకు పైగా ఉంటాయని, ఆనాడు పూడ్పించిన అటారి ఉద్యోగి జేమ్స్ హెల్లర్ చెప్పినాడు. వెలికితీసినవి సుమారు 1,300. వాటిలో ఒక ఇ.టి. కాట్రిడ్జి వాషింగ్టనులోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలకు చేరినది. మరి 881 కాట్రిడ్జులను ఆ ఊరివారు వేలంలో పెట్టినారు. నలిగి, మట్టికొట్టుకొని, కంపు కొడుతున్న ఆ సరకుకు లక్షా ఏడువేల డాలర్లకు పైగా వచ్చినది.